సెయింట్ ప్యాట్రిక్ డే: ఆయన రాసిందేమిటి, తర్వాతి వాళ్లు కలిపిందేమిటి

తాళపత్రం
మార్చి 17 వస్తోందంటే ఐర్లాండ్ నుంచి పాముల్ని వెళ్లగొట్టడం, మూడాకుల షామ్‌రాక్, ఆకుపచ్చ చొక్కాలు అన్నీ ఐర్లాండ్ పునీతుడు ప్యాట్రిక్ ఒక్కడి కథగా చెప్పేస్తారు. నిజానికి ఇవి వేర్వేరు శతాబ్దాల్లో ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. ఏది ఎప్పుడు చేరిందో విడదీసి పెట్టుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ముందు పునాది. ప్యాట్రిక్ 5వ శతాబ్దంలో ఐర్లాండ్‌లో క్రైస్తవం ప్రచారం చేసిన బిషప్. సొంతంగా రాసినవి రెండే మిగిలాయి, రెండూ లాటిన్‌లోనే. ఒకటి 'కన్ఫెస్సియో', తన జీవితం గురించి తానే ఇచ్చుకున్న వాంగ్మూలం. రెండోది కొరోటికస్ అనే దొర సైనికులకు రాసిన ఉత్తరం. కన్ఫెస్సియో ప్రతుల్లో అన్నిటికన్నా పాతది డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో ఉన్న 'బుక్ ఆఫ్ ఆర్మా'లో దొరుకుతుంది. 807 ప్రాంతంలో ఫెర్డొమ్నాక్ అనే లేఖకుడు రాశాడు. అయితే అందులో ఉన్నది కుదించిన పాఠం. పూర్తి పాఠం కావాలంటే ఆ తర్వాతి ప్రతులు చూడాలి.

అందులో ఆయన చెప్పుకున్నది ఇది. తండ్రి కల్పోర్నియస్ చర్చిలో డీకన్, తాత పొటిటస్ ప్రీస్టు. రోమన్ల ఏలుబడిలో పెరిగిన బ్రిటన్ కుటుంబం. సుమారు 16 ఏళ్ల వయసులో దోపిడీగాళ్లు పట్టుకెళ్లి ఐర్లాండ్‌లో బానిసను చేశారు. 6 ఏళ్లు పశువులు కాశాడు. పగలు 100 ప్రార్థనలు, రాత్రి దాదాపు అన్నే. ఒక రాత్రి నిద్రలో "నీ ఓడ సిద్ధంగా ఉంది" అని వినిపిస్తే 200 మైళ్లు నడిచి రేవు చేరాడు. మొదట కుదరదన్న ఓడవాళ్లు తర్వాత ఎక్కించుకున్నారు. 3 రోజుల ప్రయాణం, దిగాక 28 రోజులు జనం లేని నేల మీద ఆకలితో నడక. కొన్నేళ్లకు ఇల్లు చేరాడు. అక్కడ మళ్లీ ఒక కల. విక్టోరికస్ అనే అతను లెక్కలేనన్ని ఉత్తరాలతో వచ్చి ఒకటి చేతికిచ్చాడు. చదువుతుంటే, పడమటి సముద్రం పక్కన ఫోక్లుత్ అడవి దగ్గరి జనం "మళ్లీ వచ్చి మా మధ్య తిరుగు" అని పిలుస్తున్నట్టు వినపడింది.

పాము లేదు. షామ్‌రాక్ లేదు. తారా కొండ మీద రాజుతో పోటీ లేదు. మార్చి 17 అన్న తేదీ కూడా లేదు. ఉన్నదల్లా, బానిసగా బతికిన చోటికే తిరిగి వెళ్లిన మనిషి. ఈ పండగలో నాకు అన్నిటికన్నా విలువైనది ఇదే. ఊరేగింపుల్లో ఎక్కడా కనిపించనిదీ ఇదే.

ఓరుగల్లు చెరువుగట్టు
మంచిగ రాసిన్రు అన్నా. ఆ రెండో ఉత్తరంల ఏముందో గూడ చెప్పున్రి. దాని గురించి ఎక్కడ పెద్దగ రాయరు.

తాళపత్రం
అసలు ఆ ఉత్తరమే ముందు చదవాలి తమ్ముడూ. కొరోటికస్ సైనికులు అప్పుడే బాప్తిస్మం తీసుకున్నవాళ్ల మీద పడ్డారు. ఒంటి మీద తెల్లబట్టలు ఇంకా తీయకముందే కొందరిని నరికారు, మిగతావాళ్లను బానిసలుగా అమ్మడానికి పట్టుకుపోయారు. పట్టుకుపోయినవాళ్లు కూడా క్రైస్తవులే. ప్యాట్రిక్ మొదట కొందరు చర్చి గురువులతో ఒక ఉత్తరం పంపి బందీలను విడిచిపెట్టమన్నాడు. వాళ్లు నవ్వి పంపేశారు. అప్పుడు రాసిన బహిరంగ ఉత్తరం ఇది. ఆ సైనికులతో కలిసి తినకూడదు, తాగకూడదు, బందీలను వదిలి పశ్చాత్తాపపడేదాకా వాళ్ల దానాలు పుచ్చుకోకూడదు అని తేల్చి చెప్పాడు. బానిసగా పడినవాడి కోపం ప్రతి వాక్యంలోనూ ఉంటుంది.

కన్ఫెస్సియోలో డబ్బు లెక్క కూడా వస్తుంది. తనతో దారిలో నడిచే రాజకుమారులకు జీతాలిచ్చానని, న్యాయాధిపతులకు 15 మంది మనుషుల ధరకు తగ్గకుండా ముట్టజెప్పానని రాశాడు. పరాయి దేశంలో బంధుబలగం లేనివాడికి అప్పటి ఐరిష్ చట్టంలో రక్షణ చాలా తక్కువ. ఆ రక్షణను ఇలా కొనుక్కున్నాడు.

రాతిపొర
పాముల సంగతి నేను చెబుతాను.

ఐర్లాండ్‌లో పాముల్లేవన్న మాట ప్యాట్రిక్ కన్నా పాతది. 3వ శతాబ్దపు రోమన్ రచయిత సోలినస్ అప్పటికే రాశాడు. 731లో పూర్తయిన తన చరిత్రలో ఇంగ్లిష్ సన్యాసి బీడ్ కూడా అదే చెప్పాడు, ప్యాట్రిక్ ప్రసక్తి లేకుండానే. 12వ శతాబ్దం చివర వేల్స్‌కు చెందిన జెరాల్డ్, ప్యాట్రిక్ వెళ్లగొట్టాడన్న కథను ప్రస్తావించి, అసలు ఆ దీవిలో పాములు ఎప్పుడూ లేవనడమే నమ్మదగ్గ మాట అన్నాడు. దాదాపు అదే కాలంలో ఫర్నెస్ మఠం సన్యాసి జోసెలిన్ రాసిన జీవితచరిత్రతో వెళ్లగొట్టిన కథ స్థిరపడింది.

కారణం మంచుయుగం. మంచు కప్పిన నేల మీద పాము బతకదు. మంచు కరిగాక దక్షిణం నుంచి జంతువులు మెల్లగా పైకి వచ్చాయి. బ్రిటన్‌ను యూరప్‌తో కలిపిన నేల సుమారు 8,000 ఏళ్ల క్రితం దాకా ఉంది కాబట్టి మూడు జాతుల పాములు బ్రిటన్ చేరగలిగాయి. ఐర్లాండ్ అంతకు చాలా ముందే సముద్రంతో వేరుపడింది. అక్కడ స్థానికంగా ఉన్న సరీసృపం ఒక్క చిన్న బల్లి జాతి మాత్రమే. అది గుడ్లు పెట్టకుండా పిల్లల్నే కంటుంది, అందుకే చలికి తట్టుకుంది. బర్రెన్ ప్రాంతంలో కనిపించే కాళ్లులేని బల్లిని 20వ శతాబ్దంలో ఎవరో తెచ్చి వదిలారు. చూసినవాళ్లు పామనే అనుకుంటారు.

ఐర్లాండ్ మట్టి తగిలితే పాము చస్తుందన్న నమ్మకం కూడా ఉండేది. 1831లో జేమ్స్ క్లీలండ్ అనే ఆయన లండన్ కావెంట్ గార్డెన్ బజారులో విషంలేని పాములు 6 కొని డౌన్ కౌంటీలో తన తోటలో వదిలాడు. వారంలోపే ఒకటి కాస్త దూరంలో చచ్చి దొరికింది. చంపినవాళ్లు దాన్ని మలుగుపాము రకం చేప అనుకున్నారు. పామని తేలాక ఊళ్లన్నీ గగ్గోలెత్తాయి. ఆ పాములు మట్టి తగిలి చావలేదు, మనుషులే వెతికి చంపారు.

కృష్ణ ఒడ్డు
పాములంటే డ్రూయిడ్లని, పాత మతం పూజారుల్ని తరిమేశాడని అసలు అర్థమని చాలాచోట్ల రాస్తున్నారు కదండీ?

తాళపత్రం
అది ఈ కాలపు వ్యాఖ్యానమండీ. జోసెలిన్ రాసింది అక్షరాలా పాముల గురించే. డ్రూయిడ్ల గురించి చెప్పదలచుకున్న పాత రచయితలు వాళ్లను డ్రూయిడ్లనే రాశారు, చాటుమాటు ఏమీ లేదు.

కథ ఎలా పెరిగిందో చూడండి. 7వ శతాబ్దంలో టీరెహాన్ అనే ఐరిష్ బిషప్ రాసినదాంట్లో, ప్యాట్రిక్ ఇప్పుడు క్రోక్ ప్యాట్రిక్ అనే కొండ మీద 40 రోజులు ఉపవాసం ఉంటాడు. ఆకాశం కనపడనంతగా పక్షులు కమ్ముకుంటాయి, అంతే. రెండు మూడు వందల ఏళ్ల తర్వాతి 'త్రిభాగ జీవితం'లో అవే నల్లపక్షులై పీడిస్తాయి. గంట మోగించి, చివరికి గంటనే వాటి మీదికి విసిరితే అంచు విరుగుతుంది. ఇంకో రెండు మూడు వందల ఏళ్లకు జోసెలిన్ దగ్గర కథ పాముల దాకా వచ్చింది. ప్యాట్రిక్‌దని చెప్పే ఇనుప చేతిగంట ఇప్పటికీ డబ్లిన్ జాతీయ మ్యూజియంలో ఉంది. దానికోసం 1100 ప్రాంతంలో చేయించిన బంగారు, వెండి పనితనపు పెట్టె పక్కనే ఉంటుంది.

సంధ్యారాగం
స్లేన్ కొండ మీద మంట వెలిగించిన కథ ఎవరిది?

తాళపత్రం
ప్యాట్రిక్ జీవితచరిత్ర రాసిన మ్విర్హూది, అదీ 7వ శతాబ్దమే. ఈస్టర్ ముందు రాత్రి. తారాలో రాజు లోయ్‌గెరె ఏదో పెద్ద ఉత్సవం చేస్తున్నాడు. రాజుగారి మంట వెలిగేదాకా దేశంలో ఇంకెవరూ నిప్పు రాజేయకూడదు, రాజేస్తే మరణశిక్ష. ఎదురుగా స్లేన్ వైపు మంట కనిపిస్తుంది. "ఈ రాత్రి ఆర్పకపోతే ఈ మంట ఇంకెప్పటికీ ఆరదు" అంటారు డ్రూయిడ్లు. తర్వాత పోటీ. డ్రూయిడ్ నడుము ఎత్తు మంచు కురిపిస్తాడు కానీ పోగొట్టలేడు, ప్యాట్రిక్ పోగొడతాడు. ఆఖరున ఒక గుడిసె కడతారు, సగం పచ్చి కర్రతో, సగం ఎండు కర్రతో. ప్యాట్రిక్ అంగీ కట్టుకున్న డ్రూయిడ్‌ను పచ్చి కర్ర భాగంలో, డ్రూయిడ్ అంగీ కట్టుకున్న ప్యాట్రిక్ శిష్యుడు బెనైన్‌ను ఎండు కర్ర భాగంలో పెట్టి నిప్పంటిస్తారు. డ్రూయిడ్ కాలిపోతాడు, ప్యాట్రిక్ అంగీ మిగులుతుంది. అటువైపు డ్రూయిడ్ అంగీ కాలిపోతుంది, కుర్రాడు మిగులుతాడు.

ఇది బైబిల్ దానియేలు గ్రంథం అచ్చులో పోసిన కథ. అందులో బబులోను రాజు నెబుకద్నెజరు అగ్నిగుండంలో వేయించినవాళ్లు కాలకుండా బయటపడతారు. మ్విర్హూ దాచుకోలేదు కూడా. తారాను బబులోను అని, రాజును నెబుకద్నెజరు అని తానే అన్నాడు. వెనకాల రాజకీయం ఉంది. దేశంలోని చర్చిలన్నిటి మీదా, ప్యాట్రిక్ పెట్టాడని చెప్పుకునే ఆర్మా చర్చికి పెద్దరికం కావాలి. ప్యాట్రిక్ స్థాపించాడని చెప్పే ప్రతి చర్చీ ఆర్మా ఖాతాలోకి వస్తుంది. టీరెహాన్ పుస్తకంలో ప్యాట్రిక్ తిరిగిన ఊళ్ల జాబితా అంత పొడుగ్గా ఉండడానికి కారణం అదే.

పంచాంగం సుబ్బారావు
తేదీల సంగతి నాకు వదలండి.

మొదట, ఐర్లాండ్‌కు క్రైస్తవం తెచ్చిన తొలి మనిషి ప్యాట్రిక్ కాదు. 431లో పోప్ సెలెస్టీన్ "క్రీస్తును నమ్మే ఐరిష్ వారికి" మొదటి బిషప్‌గా పల్లేడియస్‌ను పంపాడని ఆయన సమకాలికుడు ప్రాస్పర్ రాశాడు. అంటే అప్పటికే అక్కడ విశ్వాసులున్నారు. ప్యాట్రిక్ 432లో వచ్చాడనేది తర్వాతి వార్షిక చరిత్రల మాట. పల్లేడియస్ పక్కకు తప్పుకోగానే ప్యాట్రిక్ దిగాడన్నట్టు ఒక ఏడాది తేడాతో సర్దారు. చనిపోయిన ఏడాది ఒకచోట 461, ఇంకోచోట 493. రెండూ ఒకే మనిషికి పొసగవు కాబట్టి 1942లో ఒరహిల్లీ అనే పండితుడు అసలు ఇద్దరు ప్యాట్రిక్‌లు ఉన్నారని వాదించాడు. నాకు 493 వైపే మొగ్గు, ఆయన శిష్యులుగా చెప్పేవాళ్ల మరణాలు 6వ శతాబ్దంలోకి జరుగుతాయి గనుక. మార్చి 17 మాత్రం 7వ శతాబ్దం నాటికే స్థిరపడింది.

17వ శతాబ్దం దాకా ఇది ఐరిష్ వారి పండగే. వాటర్‌ఫర్డ్‌కు చెందిన ఫ్రాన్సిస్కన్ సన్యాసి ల్యూక్ వాడింగ్ రోమ్‌లో ఉండి 1630ల తొలినాళ్లలో దీన్ని మొత్తం కాథలిక్ చర్చి క్యాలెండర్‌లో చేర్పించాడు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, మార్చి 17 ఎప్పుడూ తపస్సుకాలంలోనే, అంటే ఈస్టర్‌కు ముందు ఉపవాసాల రోజుల్లోనే పడుతుంది. ఆ ఒక్కరోజు ఉపవాస నియమం సడలించేవారు. మాంసం, మద్యం ఈ పండగకు అంటుకోవడానికి మూలం ఇదే. ఈస్టర్ ముందు వారం అయిన పవిత్ర వారంలో పడితే మాత్రం ఏ పునీతుడి పండగకూ చోటు లేదు, వేరే రోజుకు మార్చాల్సిందే. 1940లో ఆ వారం మొదలయ్యే మట్టల ఆదివారం నాడు పడింది, ఏప్రిల్ 3కు మార్చారు. 2008లో పవిత్ర సోమవారం పడితే మార్చి 15కు మార్చారు, కానీ ప్రభుత్వ సెలవు, ఊరేగింపులు 17నే జరిగాయి. మళ్లీ ఈ చిక్కు 2160లో. క్యాలెండర్ యాప్‌లు చేసేవాళ్లు చర్చి పండగను, ప్రభుత్వ సెలవును రెండు వేరు వరుసలుగా పెట్టుకోవాలి.

సెలవుకు చట్టం 1903లో వచ్చింది, జేమ్స్ ఒమారా అనే ఎంపీ తెచ్చిన బిల్లుతో. స్వతంత్రం వచ్చాక 1920లలో తెచ్చిన చట్టంతో ఆ రోజు పబ్బులు మూయించారు, అది దశాబ్దాలు నడిచింది. డబ్లిన్ బాల్స్‌బ్రిడ్జ్‌లో జరిగే కుక్కల ప్రదర్శనలో మాత్రం మందు దొరికేది, కుక్కల మీద ఆసక్తి లేనివాళ్లు కూడా అక్కడికే వెళ్లేవారు.

గడ్డిపరక
షామ్‌రాక్ గురించి.

మూడాకులు చూపించి త్రిత్వాన్ని, అంటే ఒకే దేవుడిలో ముగ్గురు అన్న సంగతిని వివరించాడనే కథ అచ్చులో మొదట కనిపించేది 1726లో, కేలబ్ త్రెల్కెల్డ్ రాసిన ఐర్లాండ్ మొక్కల పుస్తకంలో. ప్యాట్రిక్ తర్వాత 1,200 ఏళ్లకు పైమాటే. ఆ రోజు జనం ఆకు పెట్టుకుంటారన్న సంగతి 1681లో ఐర్లాండ్ తిరిగిన థామస్ డైన్లీ రాతల్లో ఉంది. అప్పట్లో రంగు రిబ్బన్ల సిలువలు కూడా తగిలించుకునేవారు, ఆ అలవాటు పోయింది.

ఇంతకీ ఏ మొక్క? 1893లో నథానియల్ కోల్గన్ తెలివైన పని చేశాడు. షామ్‌రాక్ అని కోసేవి క్లోవర్లు అనే మూడాకుల గడ్డిమొక్కలు. మార్చిలో అవి పూయవు, చిన్న ఆకు చూసి జాతి చెప్పడం కష్టం. అందుకని కౌంటీల నుంచి వేళ్లతో సహా మొక్కలు తెప్పించి, నాటి, పూసేదాకా ఆగాడు. దాదాపు సగం పసుపుపూల చిన్న క్లోవర్, ట్రైఫోలియం డూబియం. మూడో వంతు తెల్ల క్లోవర్, ట్రైఫోలియం రెపెన్స్. మిగతావి ఎర్ర క్లోవర్, నల్ల మెడిక్. దాదాపు వందేళ్లకు 1988లో మళ్లీ సర్వే చేస్తే వరుస మారలేదు. మన పాడి రైతులు వేసే బర్సీమ్ గడ్డి కూడా ఇదే ట్రైఫోలియం కుటుంబం.

మోసపోయే చోటు: షామ్‌రాక్ అని కుండీల్లో అమ్మేవి చాలావరకు ఆక్సాలిస్, అంటే మన పులిచింతాకు వర్గం. గుర్తుపట్టడం తేలిక. పులిచింత రెక్క గుండె ఆకారంలో కొనదగ్గర నొక్కుతో ఉంటుంది, రాత్రికి ముడుచుకుని కిందికి వాలుతుంది, నమిలితే పులుపు. క్లోవర్ రెక్క కోలగా, అంచు సన్నని రంపంలా ఉంటుంది, పులుపు ఉండదు. నాలుగాకుల క్లోవర్ అదృష్టం గుర్తు, దానికీ ఈ పండగకూ సంబంధం లేదు. పోస్టర్లు వేసేవాళ్లు తరచుగా తప్పేది ఇక్కడే, త్రిత్వానికి నాలుగో ఆకు ఎక్కడిది?

కోటుకు పెట్టుకునే రెమ్మ గంటలో వాడిపోతుంది. కాడల మొదట్లో తడి దూది చుట్టి, పైన రేకు చుడితే సాయంత్రం దాకా నిలుస్తుంది.

ఓరుగల్లు చెరువుగట్టు
మరి ఆకుపచ్చ రంగు ఎప్పటిది? నీలం రంగని గూడ విన్న.

తాళపత్రం
రెండూ నిజమే. 1783లో బ్రిటన్ రాజు మూడో జార్జ్ పెట్టిన 'ఆర్డర్ ఆఫ్ సెయింట్ ప్యాట్రిక్' బిరుదుకు లేత నీలం పట్టీ. అది దర్బారు రంగు. ఆకుపచ్చ తిరుగుబాటు రంగు. 1640లలో తిరుగుబాటు చేసిన ఐరిష్ కాథలిక్ సమాఖ్య జెండా ఆకుపచ్చ మీద వీణ, 1790లలో యునైటెడ్ ఐరిష్‌మెన్ అనే తిరుగుబాటు సంఘం దాన్నే ఎత్తింది. జనం ఏ రంగు నిలుపుకున్నారో కనిపిస్తూనే ఉంది.

అట్లాంటిక్ అవతల
ఊరేగింపు అనేది అమెరికా నేల మీద పుట్టింది. చాలాకాలం బోస్టన్ 1737, న్యూయార్క్ 1762 అని చెప్పేవారు. ఇప్పుడు అంతకన్నా పాతది దొరికింది. ఫ్లోరిడాలో స్పానిష్ వాళ్ల సెయింట్ అగస్టీన్ పట్టణంలో 1601లో ప్యాట్రిక్ పేరిట వీధుల్లో ఊరేగారు. అప్పుడు అక్కడి చర్చి పెద్ద రికార్డో ఆర్తుర్, ఐరిష్ వాడు. ఈ ఆధారం ఫిరంగి మందు ఖర్చుల చిట్టాల్లో దొరికింది, ఎందుకంటే పండగ రోజు పేల్చిన మందుగుండుకు లెక్క రాయాలి. డబ్లిన్‌లో ప్రభుత్వ ఊరేగింపు మొదలైంది 1931లో. ఇప్పుడు జరిగే పెద్ద ఉత్సవం 1996 నుంచి.

ఇక షికాగో నదిని ఈ పండగకు ఆకుపచ్చగా మార్చడం: మురుగు ఎక్కడ నదిలోకి కారుతోందో పట్టుకోవడానికి ప్లంబర్లు వాడే రంగుతో అది మొదలైంది. 1962లో 100 పౌండ్లు పోశారు, నది వారం పాటు పచ్చగానే ఉండిపోయింది. పర్యావరణ అభ్యంతరాలు వచ్చాక మొక్కల మూలపు పొడికి మారారు, ఇప్పుడు వాడేది 40 పౌండ్ల ప్రాంతం. పొడి నారింజ రంగులో ఉంటుంది, నీళ్లలో పడ్డాకే పచ్చగా మారుతుంది. ఒక పడవలోంచి జల్లెడలతో చల్లుతారు, వెనక పడవ నీళ్లు చిలికి కలుపుతుంది.

కానీ తాళపత్రం గారు మొదట్లో అన్న మాటకు దగ్గరగా ఉన్నది షికాగో కాదు, కరీబియన్‌లోని మాంట్‌సెరాట్ దీవి. అక్కడ మార్చి 17 ప్రభుత్వ సెలవు. 1768లో ఆ రోజు తోటల యజమానులు పండగ తాగుడులో ఉంటారని లెక్కవేసి ఆఫ్రికన్ బానిసలు తిరుగుబాటు పథకం వేశారు. సంగతి ముందే బయటపడింది, నాయకుల్ని ఉరితీశారు. ఆ యజమానుల్లో ఐరిష్ వాళ్లూ ఉన్నారు. బానిసగా అమ్ముడైన మనిషి పేరిట పండగ చేసుకుంటూ బానిసల్ని ఉంచుకున్నారు. ఇప్పుడు ఆ దీవి ఆ రోజున తిరుగుబాటుదారుల్ని తలుచుకుంటుంది.

తాళపత్రం
ఇది ఈ చర్చలోకి వచ్చినందుకు చాలా సంతోషం. కొరోటికస్ ఉత్తరం పక్కన పెట్టి చదవాల్సిన సంగతి.

సంధ్యారాగం
క్రోక్ ప్యాట్రిక్ ఎక్కాలనుకునేవాళ్లు ఏం తెలుసుకోవాలి?

రాతిపొర
మేయో కౌంటీలో ఉంది, ఎత్తు 764 మీటర్లు. మురిస్క్ ఊరి నుంచి మొదలు, పైకీ కిందికీ కలిపి 4 గంటలు పెట్టుకోండి. పెద్ద యాత్ర జులై చివరి ఆదివారం. పంటకోతల ఆరంభంలో చేసుకునే పాత లూనాసా పండగ కాలమూ అదే. కింద భాగం తేలికే. ఆఖరి శంఖాకారపు ఎక్కుడు మీద క్వార్ట్‌జైట్ రాళ్లు కాలికింద జారతాయి, ఎక్కడంకన్నా దిగేటప్పుడే ఎక్కువమంది పడతారు. చేతికర్ర తప్పనిసరి. ఈమధ్య రాళ్లు పరిచి దారిని చాలావరకు బాగుచేశారు. పైన మబ్బు నిమిషాల్లో కమ్ముతుంది, వానకోటు లేకుండా వెళ్లొద్దు. కొందరు చెప్పుల్లేకుండా ఎక్కుతారు, అలవాటు లేనివాళ్లు చూసి ప్రయత్నించకండి. శిఖరం మీది గుడి 1905లో కట్టింది. 1990లలో తవ్వకాలు జరిపితే తొలి క్రైస్తవ కాలపు చిన్న రాతి ప్రార్థనాలయం ఆనవాళ్లు, అంతకన్నా పాత కోటగోడ బయటపడ్డాయి.

కృష్ణ ఒడ్డు
ఆ రోజు ఏం వండుతారండీ? క్యాబేజీతో కార్న్‌డ్ బీఫ్ అంటారు.

వంటింటి గూడు
కార్న్‌డ్ బీఫ్, అంటే ఉప్పులో ఊరబెట్టిన గొడ్డుమాంసం, అమెరికాకు వలస వెళ్లినవాళ్ల వంట. ఐర్లాండ్‌లో ఉప్పులో ఊరిన పంది మాంసం, క్యాబేజీ. కార్క్ రేవు నుంచి ఉప్పుబీఫ్ టన్నులకొద్దీ ఎగుమతి అయ్యేది కానీ పేదలకు అందేది కాదు. న్యూయార్క్ చేరాక యూదుల మాంసం కొట్లలో అదే చవగ్గా దొరికింది.

మన వంటింట్లో చేసుకోదగ్గది సోడా బ్రెడ్. ఇదీ ప్యాట్రిక్ కాలంది కాదు, తినేసోడా ఐర్లాండ్‌లో వాడకంలోకి వచ్చిన 19వ శతాబ్దంది. అక్కడి గోధుమలో జిగురు తక్కువ, ఈస్టుతో సరిగా పొంగదు, సోడాకు బాగా కుదురుతుంది. అందుకే గట్టి గోధుమపిండి కాకుండా మైదా తీసుకోండి.

450 గ్రాముల మైదా, 1 టీస్పూను ఉప్పు, 1 టీస్పూను తినేసోడా కలిపి జల్లించండి. 350 మి.లీ. పుల్లని మజ్జిగ కావాలి. మనం తాగే పల్చటి మజ్జిగ పనికిరాదు, పులుపు చాలక సోడా విరగదు, రొట్టె సబ్బు వాసన కొడుతుంది. 250 గ్రాముల పుల్ల పెరుగులో 100 మి.లీ. నీళ్లు పోసి చిలకండి. పిండి మధ్యలో గుంట చేసి పోసి, వేళ్లు విప్పి గుండ్రంగా తిప్పుతూ కలపండి. పిండి ముద్దవగానే ఆపాలి, చపాతీ పిండిలా పిసికితే రాయవుతుంది. 4 సెం.మీ. మందాన తట్టి, పైన లోతుగా శిలువ గాటు పెట్టండి, మధ్యదాకా వేడి చేరేది దానివల్లే. ముందే కాగిన ఓవెన్‌లో 230 డిగ్రీల వద్ద 15 నిమిషాలు, తర్వాత 200 డిగ్రీల వద్ద 30 నిమిషాలు. అడుగున తడితే డొల్లగా మోగాలి. కలిపాక పొయ్యిలో పెట్టడానికి ఆలస్యం చేయొద్దు, గ్యాసంతా బయటికి పోయి రొట్టె చదునుగా మిగిలిపోతుంది.

కృష్ణ ఒడ్డు
గోధుమపిండి సగం కలపొచ్చా?

వంటింటి గూడు
కలపొచ్చండీ. సగం సగం వేస్తే పెరుగు నీళ్లు ఇంకో 30 మి.లీ. పడుతుంది, చివర 5 నిమిషాలు అదనంగా ఉంచండి. పూర్తిగా గోధుమపిండితో మాత్రం వద్దు, మధ్యలో పచ్చిగా ఉండిపోతుంది.